ఎన్‌జీసీ 3132: దూరం ఒక నక్షత్రానిది, వెలుగు మరొకదానిది

ఒక గ్రహ నీహారికకు (చనిపోతున్న నక్షత్రం విసిరిన, దాని వేడి కోర్ వెలిగించే వాయుమేఘానికి) సంబంధించి నాలుగు విషయాలు తేల్చాలి: దూరం, అసలు పరిమాణం, వయసు, దాన్ని వెలిగిస్తున్న నక్షత్రం ఉష్ణోగ్రత. చేతిలో టెలిస్కోపు లేదు. ఎవరైనా తెరిచి చూసుకోగల కేటలాగులు, సర్వే చిత్రాలు, పాత టెలిస్కోపుల ఆర్కైవులు మాత్రమే ఉన్నాయి. మామూలు నీహారికకైతే ఇది ఒక పూట పని. ఎన్‌జీసీ 3132 మామూలుది కాదు. నట్టనడుమ కొట్టొచ్చినట్టు కనిపించే నక్షత్రం దాన్ని వెలిగించడం లేదు. పేరు, స్థానం చూసుకుని కేటలాగులను కలిపేసే ప్రోగ్రాముకు మొదట తగిలేది మాత్రం ఆ నక్షత్రమే. ఇంకో విచిత్రం, ఆ తప్పు నక్షత్రాన్నే పట్టుకుని లెక్క కట్టినా దూరం సరిగ్గా వస్తుంది. మిగిలినవే చెడతాయి. తప్పు పైకి కనిపించకపోవడానికి కారణం కూడా అదే.

వస్తువు

జాన్ హెర్షెల్ 1835లో చూశాడు. దక్షిణాకాశంలో వేలా రాశిలో ఉంది. రైట్ అసెన్షన్ 10 గంటల 7 నిమిషాల 1.8 సెకన్లు, డెక్లినేషన్ −40 డిగ్రీల 26 ఆర్క్‌మినిట్ల 11 ఆర్క్‌సెకన్లు. క్వెరీల్లో వాడుకోవడానికి దశాంశాల్లో రాసుకుంటే 151.7575, −40.4364 డిగ్రీలు. గ్రహ నీహారికల ప్రామాణిక పేరు ప్రకారం ఇది పీఎన్ జీ272.1+12.3. ఆ పేరులోనే గెలాక్టిక్ రేఖాంశం 272.1, అక్షాంశం 12.3 అని ఉంది. ఈ 12.3 తర్వాత పనికొస్తుంది. మెరిసే వలయం అడ్డుకొలత దాదాపు ఒక ఆర్క్‌మినిట్.

నడుమనున్న నక్షత్రం పేరు హెచ్‌డీ 87892. ప్రకాశ పరిమాణం (అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది) 10, రకం ఏ2. అలాంటి నక్షత్రం ఉపరితలం సుమారు 9,000 కెల్విన్లు. హైడ్రోజన్‌ను అయనీకరించాలంటే 912 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే పొట్టి తరంగాలు కావాలి. 25,000 కెల్విన్ల లోపు నక్షత్రం దగ్గర అవి దాదాపు ఉండవు. అంటే రకం చూసిన మరుక్షణమే ఈ నక్షత్రం మీద అనుమానం రావాలి. 1977లో కోహుటెక్, లాస్ట్‌సెన్ దీనికి 1.7 ఆర్క్‌సెకన్ల దూరంలో 16వ పరిమాణపు మసక నక్షత్రాన్ని పట్టుకున్నారు. అసలు దీపం అది. రెండింటి మధ్య ఆరు పరిమాణాల తేడా, అంటే వెలుగులో 250 రెట్లు.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఖగోళ వస్తువుల సాధారణ డేటాబేస్ సింబాద్‌లో పేరు కొట్టి మొదలుపెట్టడం అందరికీ అలవాటు. గ్రహ నీహారికలకు అది మంచి అలవాటు కాదు. పార్కర్, బోయిచిచ్, ఫ్రూ బృందం నిర్వహించే, గ్రహ నీహారికలకే ప్రత్యేకమైన హాష్ డేటాబేస్‌తో మొదలుపెట్టడం మేలు. అందులో ప్రతి వస్తువు పక్కనా ‘నిజం’, ‘బహుశా నిజం’, ‘కావచ్చు’ అనే హోదా ఉంటుంది. నీహారికలా కనిపించే నకిలీలకూ విడిగా ముద్ర వేసి ఉంటుంది. ఈ హోదా చూడకుండా ముందుకెళ్తే హెచ్-2 ప్రాంతాలు, సింబయాటిక్ నక్షత్రాలు, సూపర్‌నోవా శకలాలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. 1967 నాటి పెరెక్-కోహుటెక్ జాబితా, 1992 నాటి స్ట్రాస్‌బర్గ్-ఈసో కేటలాగు ఇప్పటికీ కేటలాగుల భాండాగారం విజియర్‌లో దొరుకుతాయి. పాత పేర్లు అర్థం కావడానికి అవి కావాలి. స్థానాలకు మాత్రం వాటిని నమ్ముకోవద్దు. పాత స్థానాలు 1950 ఈక్వినాక్స్‌లో ఉంటాయి. వాటిని 2000 ఈక్వినాక్స్ అనుకుని వాడితే అయనచలనం వల్ల 40 ఆర్క్‌మినిట్ల వరకూ పక్కకు పోతారు. అక్కడ నీహారికే ఉండదు కాబట్టి ఈ తప్పు వెంటనే దొరుకుతుంది. ఐదారు ఆర్క్‌సెకన్లు పక్కకు పోయే తప్పే ప్రమాదం. అక్కడ ఏదో ఒక నక్షత్రం ఉంటుంది, ప్రోగ్రాము దాన్నే తెచ్చి చేతిలో పెడుతుంది.

విజియర్‌లో ఇంకో చిన్న ఉచ్చు ఉంది. మామూలు సెట్టింగులో అది 50 వరసలే ఇస్తుంది. మొత్తం కేటలాగు దించుకున్నామనుకుని 50 వస్తువులతో గ్రాఫు గీసిన సందర్భాలు తక్కువేం కాదు. దించుకోగానే వరసల సంఖ్య చూడాలి.

హెచ్-ఆల్ఫా (హైడ్రోజన్ ఎర్ర రేఖ) సర్వేల సంగతి. లా పామా నుంచి 2.5 మీటర్ల ఐజాక్ న్యూటన్ టెలిస్కోపుతో చేసిన ఐఫాస్, పరనాల్ నుంచి వీఎస్‌టీతో చేసిన వీఫాస్ ప్లస్ రెండూ కొత్త నీహారికలు వెతకడానికి బంగారు గనులు. కానీ అవి పాలపుంత తలానికి అటూ ఇటూ 5 డిగ్రీల పట్టీలోవి. వీఫాస్ ప్లస్ గెలాక్సీ కేంద్రపు ఉబ్బు దగ్గర మాత్రం ఇంకొంత పైకి వెళ్తుంది. మన వస్తువు 12.3 డిగ్రీల దగ్గరుంది కాబట్టి ఇక్కడ అవి పనికిరావు. పాన్-స్టార్స్ −30 డిగ్రీల డెక్లినేషన్ దిగువకు రాదు, అదీ పోయింది. వాటిని వాడే కేసు తగిలితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఐఫాస్ హెచ్-ఆల్ఫా ఫిల్టర్ వెడల్పు 95 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాంట్లోకి 6548, 6583 దగ్గరి నైట్రోజన్ రేఖలు కూడా దూరుతాయి. నైట్రోజన్ ఎక్కువున్న నీహారికలో హైడ్రోజన్ కంటే నైట్రోజన్ వెలుగే ఎక్కువ ఉండొచ్చు. ఆ కొలతను హెచ్-ఆల్ఫా అని రాసేస్తే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

గయా క్వెరీ

నక్షత్రాల స్థానం, దూరం, కదలిక కొలిచిన గయా ఉపగ్రహపు మూడో విడుదల 2022 జూన్ 13న వచ్చింది. అందులో 181 కోట్ల వనరులున్నాయి. మొత్తం ఆకాశం 41,253 చదరపు డిగ్రీలు కాబట్టి సగటున చదరపు డిగ్రీకి 44,000. ఈ అంకెను ఇంకాస్త దించితే పనికొచ్చే విషయం బయటపడుతుంది. 5 ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధం గల వృత్తంలో ఊరికే, యాదృచ్ఛికంగా పడే నక్షత్రాల సగటు 0.27. పాలపుంత తలంలో సాంద్రత పది రెట్లు ఉన్నచోట రెండు మూడు పడతాయి. అంటే 5 ఆర్క్‌సెకన్లలో ‘మ్యాచ్ దొరికింది’ అన్న మాటకు తలంలో విలువే లేదు. 2 ఆర్క్‌సెకన్లకు తగ్గిస్తే సగటు 0.04కు దిగుతుంది.

అయినా ఈ కేసులో వృత్తాన్ని కావాలనే 30 ఆర్క్‌సెకన్లకు పెంచాలి, నీహారిక మొత్తం అందులో పడాలి. నడుమ కనిపించేదే నడిమి నక్షత్రం అని ముందే తీర్పు చెప్పేయకుండా అభ్యర్థులందరినీ చూడటానికే ఇది. గయా ఆర్కైవు క్వెరీలో వ్యాసార్ధం డిగ్రీల్లో ఇవ్వాలి, 30ని 3600తో భాగించి. 30 అని ఊరికే రాస్తే 30 డిగ్రీల వృత్తం అడిగినట్టు. సర్వరు నమిలి నమిలి చివరికి వరసల పరిమితి దగ్గర ఆగిపోతుంది.

తెచ్చుకోవాల్సిన కాలమ్‌లు: సోర్స్ ఐడీ, స్థానం, పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం కనబడే చోటు మారే కోణం, దూరం దీన్నుంచే వస్తుంది), దాని ఎర్రర్, రెండు ప్రాపర్ మోషన్లు (ఆకాశంలో నక్షత్రం కదలిక), వాటి ఎర్రర్లు, జీ పరిమాణం, బీపీ-ఆర్‌పీ రంగు (నీలి, ఎర్ర కొలతల తేడా), రూవే (గయా లెక్క కొలతలకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె), బీపీ-ఆర్‌పీ ఎక్సెస్ ఫ్యాక్టర్ (ఆ రెండు కొలతల మొత్తం జీతో ఎంత పొసగుతుందో చెప్పేది), ఎన్ని పరామితులతో లెక్క తేల్చారో చెప్పే కాలమ్. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. అందులో 31 ఉంటే ఐదు పరామితుల పూర్తి లెక్క. 95 ఉంటే నక్షత్రం రంగు నమ్మదగ్గట్టు దొరక్క, దాన్ని కూడా ఆరో పరామితిగా అంచనా వేశారని అర్థం. 3 ఉంటే స్థానం తప్ప ఇంకేం లేదు, పారలాక్స్ గడి ఖాళీగా ఉంటుంది. ప్రకాశవంతమైన నక్షత్రం పక్కనున్న మసక నక్షత్రానికి 31 రావాలని ఆశించకూడదు.

సోర్స్ ఐడీ 19 అంకెల వరకూ ఉంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే చివరి మూడు నాలుగు అంకెలు సున్నాలైపోతాయి, ఫైలు సేవ్ చేస్తే అవి ఇక తిరిగి రావు. ఫిట్స్‌లోనో వీవోటేబుల్‌లోనో దాచుకోవాలి. సీఎస్‌వీ తప్పనిసరైతే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా దిగుమతి చేయాలి.

అసలు వస్తువు మీదికి వెళ్లే ముందు ఇదే క్వెరీని జవాబు తెలిసిన మూడు నీహారికల మీద నడపాలి. హెలిక్స్‌కు పారలాక్స్ 5 మిల్లీ ఆర్క్‌సెకన్ల దరిదాపులో, అంటే 200 పార్సెక్‌లు (ఒక్కోటి 3.26 కాంతి సంవత్సరాలు) రావాలి. ఎం27కు 2.57, అంటే 389 పార్సెక్‌లు. ఎం57కు 1.27, అంటే 787 పార్సెక్‌లు. ఈ మూడూ వస్తే కాలమ్‌లు, యూనిట్లు, వృత్తం సరిగ్గా ఉన్నట్టు. హెలిక్స్ నక్షత్రం సంవత్సరానికి దాదాపు 39 మిల్లీ ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. గయా స్థానాలు 2016.0 నాటివి కాబట్టి 2000 నాటి స్థానంతో పోలిస్తే 0.6 ఆర్క్‌సెకన్ల తేడా కనబడుతుంది. అది తప్పు కాదు, కదలిక.

మ్యాచ్ ఎక్కడ దారి తప్పుతుంది

పట్టికలను కలిపే టాప్‌క్యాట్ ప్రోగ్రాములో హాష్ జాబితాను గయాతో కలిపేటప్పుడు మామూలుగా ఎంచుకునేది ‘బెస్ట్ మ్యాచ్’. అది ఒక్కో నీహారికకు అతి దగ్గరి ఒక్క వనరునే ఉంచి మిగతావాటిని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. ఈ పనికి ‘ఆల్ మ్యాచెస్’ పెట్టి, ఒక్కో నీహారికకు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, ఒకటికంటే ఎక్కువ వచ్చిన ప్రతిదాన్నీ ఆకాశ చిత్రాలు చూపే అలాడిన్‌లో కంటితో చూడాలి. రెండు మూడు వందల వస్తువులైనా సరే ఇది చేయదగ్గ పనే. ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది.

అభ్యర్థుల్లో నీలంగా ఉన్నదాన్ని ఎంచుకోవడం తర్వాతి మెట్టు. నడిమి నక్షత్రాలు వేడివి, కాబట్టి నీలం. 2020, 2021లో చోర్నే, వాల్టన్ గయా నుంచి నడిమి నక్షత్రాలను ఏరినప్పుడు వాడిన సూత్రంలో కూడా రంగు, నీహారిక పరిమాణంతో పోల్చిన దూరం ముఖ్యం. వేల వస్తువులకు అది చక్కగా నడుస్తుంది. ఎన్‌జీసీ 3132లాంటి చోట మాత్రం రంగును నమ్మలేం. గయా బీపీ, ఆర్‌పీ కొలతలు తీసే కిటికీ 3.5 × 2.1 ఆర్క్‌సెకన్లు. మన రెండు నక్షత్రాల మధ్య ఎడం 1.7. మసక నక్షత్రానికి కేటాయించిన కిటికీలోకి 250 రెట్లు ప్రకాశవంతమైన పొరుగు వెలుగు పొంగిపొర్లుతుంది. దాని రంగు కాలమ్‌లో ఏ అంకె ఉన్నా అది దాని రంగు కాదు. ఎక్సెస్ ఫ్యాక్టర్ అసాధారణంగా పెరిగిందంటే ఇదే జరిగిందని అర్థం. పైగా నీహారిక రేఖా కాంతి కూడా కలుస్తుంది. 5007 దగ్గరి ఆక్సిజన్ రేఖ బీపీలోనే పడుతుంది. చిన్న, దట్టమైన నీహారికల్లో అయితే గయా వాయువు ముడులను కూడా నక్షత్రాలుగా నమోదు చేస్తుంది. పారలాక్స్ గడి ఖాళీగా, రూవే లేకుండా గుంపుగా కనిపించే వనరులు అవే.

రూవే 1.4 దాటిన వనరును పక్కన పెట్టమని సాధారణ సలహా. నడిమి నక్షత్రాల్లో జంటలు ఎక్కువ, జంటల్లో రూవే పెరుగుతుంది. కాబట్టి దీన్ని గుడ్డిగా పాటిస్తే చూడదగ్గ వస్తువులే జల్లెడలోంచి జారిపోతాయి. పారేయకుండా ముద్ర వేసి ఉంచుకోవాలి.

కంటితో చూడటం

ఇక్కడ ఏ సర్వే పనికొస్తుందో ఎడం, పిక్సెల్ చెబుతాయి. డీఎస్ఎస్ ఫొటో పలకల మీద 10వ పరిమాణపు నక్షత్రం మచ్చ 1.7 ఆర్క్‌సెకన్లను పూర్తిగా మింగేస్తుంది. పరారుణ సర్వే 2మాస్‌లో పిక్సెలే 2 ఆర్క్‌సెకన్లు. ఇంకో పరారుణ సర్వే వైజ్ స్పష్టత 3.4 మైక్రాన్ల దగ్గర 6, 22 మైక్రాన్ల దగ్గర 12 ఆర్క్‌సెకన్లు. అతినీలలోహిత సర్వే గెలెక్స్ స్పష్టత 4, 5 ఆర్క్‌సెకన్లు. ఈ నాలుగింటిలోనూ రెండు నక్షత్రాలూ ఒక్కటే. వైజ్ అంకెలు తెచ్చి ‘నడిమి నక్షత్రం పరారుణంలో మెరుస్తోంది’ అని రాస్తే అది నక్షత్రమా, నీహారిక ధూళా, పొరుగా అన్నది ఎవరూ చెప్పలేరు.

కాబట్టి హబుల్, వెబ్ చిత్రాలుండే మాస్ట్ ఆర్కైవుకు వెళ్లాలి. హబుల్ డబ్ల్యూఎఫ్‌పీసీ2 చిత్రాల్లో పిక్సెల్ 0.1 ఆర్క్‌సెకను, రెండు నక్షత్రాలూ విడిగా కనిపిస్తాయి. వెడల్పు ఫిల్టర్ల చిత్రాల్లో ప్రకాశవంతమైన నక్షత్రం పిక్సెళ్లు నిండిపోయి నిలువునా కారతాయి. అందుకని సన్నని ఫిల్టర్ల చిత్రాలు, పొట్టి ఎక్స్‌పోజర్లు ముందు తెరవాలి. మసక నక్షత్రం పరిమాణం కొలిచేటప్పుడు చుట్టూ వలయం గీసి బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం ఇక్కడ చెల్లదు. పొరుగు నక్షత్రపు వెలుగు ఒకవైపు నుంచే వాలి ఉంటుంది కాబట్టి వలయం సగటు తప్పుతుంది. పొరుగు పీఎస్ఎఫ్‌ను (బిందువులాంటి నక్షత్రం చిత్రంలో పరుచుకునే ఆకారాన్ని) ముందు అమర్చి తీసేసి, మిగిలిన దాంట్లో కొలవాలి. అదీ కుదరకపోతే, పొరుగుకు అవతల వైపు అంతే దూరంలో ఉన్న బిందువు దగ్గర బ్యాక్‌గ్రౌండ్ చూసి తీసేయాలి.

జేమ్స్ వెబ్ మొదటి చిత్రాల్లో ఈ నీహారిక ఒకటి. 2022 జూలై 12న విడుదలైంది, మాస్ట్‌లో ప్రోగ్రాం నంబరు 2733. వెబ్ కెమెరా నిర్‌క్యామ్ చూసే దగ్గరి పరారుణంలో ఇంకా ఏ2 నక్షత్రమే రాజ్యమేలుతుంది. మధ్య పరారుణం చూసే మిరి చిత్రానికి వచ్చేసరికి, 7.7 నుంచి 18 మైక్రాన్ల మధ్య, పక్కనున్న మసక నక్షత్రం ఎర్రగా పైకి లేస్తుంది. లక్ష కెల్విన్ల నక్షత్రం ఉత్తి నక్షత్రంగా ఆ తరంగాల్లో అంత మెరవదు. దాని చుట్టూ ధూళి ఉండి, అది కాగి వెలుగుతోంది. వైజ్ ఎన్నటికీ చెప్పలేని మాట ఇది.

రెండూ జంటేనా

దూరం ఎవరి దగ్గర తీసుకోవాలి అన్న ప్రశ్న దీని మీదే ఆధారపడి ఉంది. మొదట యాదృచ్ఛికత లెక్క. ఆకాశం మొత్తం మీద 10వ పరిమాణం కంటే ప్రకాశవంతమైన నక్షత్రాలు సుమారు మూడు లక్షలు, చదరపు డిగ్రీకి ఏడు. అలాంటిది ఒకటి ఊరికే ఇంకో నక్షత్రానికి 1.7 ఆర్క్‌సెకన్ల లోపు పడే అవకాశం రెండు లక్షల్లో ఒక వంతు. తెలిసిన నీహారికలు మూడున్నర వేలు అనుకుంటే, మొత్తం జాబితాలో ఇలాంటి కాకతాళీయం 0.02 సార్లు జరగాలి. పాలపుంత దాపు కాబట్టి రెట్టింపు చేసినా 0.04. జంట అన్న ఊహకు బలం వచ్చింది.

రెండో పరీక్ష కదలికది. 754 పార్సెక్‌ల దూరంలో 1.7 ఆర్క్‌సెకన్లంటే కనీసం 1,280 ఖగోళ ప్రమాణాల ఎడం. రెండు నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశి 3 సూర్యులనుకుంటే అక్కడ వర్తుల కక్ష్యా వేగం 29.8 × √(3/1280), అంటే సెకనుకు 1.4 కిలోమీటర్లు. విడిపోయే వేగం 2 కిలోమీటర్లు. దాన్ని 4.74తో, కిలోపార్సెక్‌లలో దూరంతో భాగిస్తే సంవత్సరానికి 0.57 మిల్లీ ఆర్క్‌సెకన్లు. రెండు వరసల ప్రాపర్ మోషన్ తేడా, ఎర్రర్లను కలుపుకుని, దీనికి లోబడి ఉంటే జంటే. మసక నక్షత్రపు ఎర్రర్ ఒకటి రెండు మిల్లీ ఆర్క్‌సెకన్లు ఉంటే ఈ పరీక్ష ఏమీ తేల్చదు. అప్పుడు ‘పొసగింది’ అని కాకుండా ‘కాదనలేదు’ అని రాసుకోవాలి.

ఈ వాదన వల్లే హెచ్‌డీ 87892 పారలాక్స్ మీద నీహారిక దూరాన్ని నిలబెట్టవచ్చు. వెబ్ చిత్రాల మీద 2022లో వచ్చిన డి మార్కో బృందం విశ్లేషణలో వాడిన 754 పార్సెక్‌లు కూడా ఏ2 నక్షత్రం పారలాక్స్ నుంచి వచ్చిందే.

అంకెలు

754 పార్సెక్‌లంటే 1.33 మిల్లీ ఆర్క్‌సెకన్లు. ఇక్కడ 0.03 తేడా దూరాన్ని 17 పార్సెక్‌లు జరుపుతుంది. గయా పారలాక్స్‌లకు ఒక జీరో-పాయింట్ (సున్నా దగ్గరే ఉండిపోయే చిన్న తప్పు) దిద్దుబాటు ఉంది. క్వేసార్ల మీద దాని విలువ −0.017 దగ్గర ఉంటుంది. ప్రకాశవంతమైన నక్షత్రాలకు ఇంకొంచెం పెద్దది కావచ్చు. లిండెగ్రెన్ సూత్రానికి జీ పరిమాణం, రంగు, క్రాంతివృత్త అక్షాంశం కావాలి. దిద్దుబాటు ఋణాత్మకం కాబట్టి దాన్ని తీసివేయాలి, అంటే పారలాక్స్ పెరగాలి, దూరం తగ్గాలి. ఈ గుర్తు దగ్గరే ఎక్కువమంది జారుతారు. కేటలాగు అంకె 1.300, దిద్దుబాటు −0.020 అనుకుందాం. సరిగ్గా చేస్తే 1.320, 758 పార్సెక్‌లు. కూడేస్తే 1.280, 781 పార్సెక్‌లు. దిద్దకుండా వదిలేసినా 769 వచ్చేది. గుర్తు తప్పిన దిద్దుబాటు కంటే దిద్దకపోవడమే నయం.

ఎర్రర్ పారలాక్స్‌లో పదో వంతు లోపు ఉన్నప్పుడే ఒకటిని పారలాక్స్‌తో భాగించడం చెల్లుతుంది. ఇక్కడ అది రెండు శాతం, ఇబ్బంది లేదు. దాటితే బైలర్-జోన్స్ 2021 దూరాల పట్టిక వాడాలి. కాకపోతే ఆ పట్టిక పాలపుంతలో మామూలు నక్షత్రాలు ఎక్కడెక్కడ పరుచుకున్నాయో ఊహించి పూరించినది. పారలాక్స్ బలహీనంగా ఉన్న చోట అందులోని దూరం నీహారిక గురించి కాక ఆ ఊహ గురించి ఎక్కువ చెబుతుంది.

నీహారిక వ్యాసార్ధం 30 ఆర్క్‌సెకన్లు. 30 × 754 ÷ 206265 = 0.11 పార్సెక్. వ్యాకోచ వేగం సెకనుకు 20 కిలోమీటర్లనుకుంటే వయసు 0.11 × 9,78,000 ÷ 20, దాదాపు 5,400 సంవత్సరాలు. ఈ అంకెను మరీ పట్టుకు వేలాడకూడదు. వేగం 25 అయితే 4,300కు దిగుతుంది. పైగా వాయువు మొదట్నుంచీ ఒకే వేగంతో పోలేదు. ఒకే అంకెగా కాకుండా ‘నాలుగైదు వేల సంవత్సరాలు’ అని రాయడమే నిజాయతీ.

తప్పు నక్షత్రం బయటపడేది తర్వాతి లెక్కలో. దూర మాపకం (దూరాన్ని పరిమాణాల్లో చెప్పే అంకె) 9.39, ధూళి క్షీణత 0.3 అనుకుంటే ఏ2 నక్షత్రం నిరపేక్ష పరిమాణం (10 పార్సెక్‌ల దూరంలో ఉంటే కనిపించే పరిమాణం) 0.3. మసక నక్షత్రానిది 6.3. లక్షా పదివేల కెల్విన్ల నక్షత్రానికి బోలోమెట్రిక్ దిద్దుబాటు (కంటికి కనిపించని వెలుగును కూడా కలిపే సవరణ) −6.8 దగ్గర ఉంటుంది. మసక నక్షత్రానికి వేస్తే సూర్యుడికి నూటపాతిక రెట్ల వెలుగు వస్తుంది, చల్లారే దారి పట్టిన కోర్‌కు సహజమైన అంకె. అదే ఉష్ణోగ్రత పెట్టి పరిమాణం మాత్రం హెచ్‌డీ 87892ది తీసుకుంటే 31,000 రెట్లు వస్తుంది. ఇంత పలచబడిన నీహారికకు అది ఏ రకంగానూ పొసగదు.

జాన్‌స్ట్రా పద్ధతిలో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. నీహారిక హెచ్-బీటా (హైడ్రోజన్ మరో రేఖ) వెలుగు, నక్షత్రం పంపిన అయనీకరణ ఫోటాన్ల సంఖ్యకు లెక్క. దాన్ని నక్షత్రపు దృశ్య వెలుగుతో భాగిస్తే ఉష్ణోగ్రత దొరుకుతుంది. విభాజకంలో 250 రెట్లు పెద్ద అంకె పెడితే ఉష్ణోగ్రత పదుల వేల కెల్విన్లు పడిపోతుంది. పడిపోయిన అంకె కూడా ఒక నడిమి నక్షత్రానికి ఉండదగ్గట్టే కనిపిస్తుంది. అదే దీంట్లో ప్రమాదం. పట్టిక చూసేవాడికి అనుమానం రాదు.

వర్ణపటంతో తనిఖీ

ఐరోపా దక్షిణ అబ్జర్వేటరీ (ఈసో) ఆర్కైవులో ఈ నీహారిక మీద మ్యూజ్ వర్ణపట పరికరం డేటా ఉంది. ఆ పరికరం ఒక్కసారికి ఒక ఆర్క్‌మినిట్ చదరాన్ని 0.2 ఆర్క్‌సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ వర్ణపటం ఇస్తుంది. 4363 దగ్గరి ఆక్సిజన్ రేఖ దాని పరిధిలోకి రాదు. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతకు 5755 నైట్రోజన్ రేఖను, 6548, 6583తో కలిపి వాడుకోవాలి. సాంద్రతకు 6716, 6731 సల్ఫర్ రేఖలు.

మొదట చూడాల్సింది 5007, 4959 రేఖల నిష్పత్తి. ప్రకృతిలో అది 2.98, నీహారికను బట్టి మారదు. 2.6 వచ్చిందంటే 5007 సంతృప్తమైపోయింది, ఆ పిక్సెళ్లతో ముందుకెళ్లొద్దు. తర్వాత హెచ్-ఆల్ఫా, హెచ్-బీటా నిష్పత్తి. 10,000 కెల్విన్ల వాయువులో అది 2.86 ఉండాలి, ధూళి ఉంటే పెరుగుతుంది. 3.2 కొలిచారనుకుంటే హెచ్-బీటా దగ్గర లాగరిథమిక్ క్షీణత 0.15, దృశ్య కాంతిలో 0.3 పరిమాణం.

ఈ నీహారికలో ఒక ప్రత్యేకమైన గుంట ఉంది. ‘ఏ’ రకం నక్షత్రాల్లో హైడ్రోజన్ శోషణ రేఖలు అన్ని రకాల కంటే లోతుగా ఉంటాయి. మొత్తం వర్ణపటాన్ని కూడేటప్పుడు హెచ్‌డీ 87892ని కప్పకపోతే, దాని శోషణ హెచ్-బీటాను కొరికేస్తుంది. హెచ్-ఆల్ఫాలో నీహారిక వెలుగు ఎక్కువ కాబట్టి అక్కడ దెబ్బ తక్కువ. నిష్పత్తి ఉబ్బుతుంది, లేని ధూళి పుట్టుకొస్తుంది. నక్షత్రం చుట్టూ 3 ఆర్క్‌సెకన్లు మాస్క్ చేస్తే సమస్య పోతుంది. ఇంకో సంగతి, నీహారిక చదరం అంతా నిండి ఉంటుంది కాబట్టి అదే చట్రంలోంచి ఆకాశం తీసేస్తే నీహారిక వెలుగే పోతుంది. పక్కకు జరిపి తీసిన ఆకాశపు ఎక్స్‌పోజర్‌తో సరిచేసిన ఫైలునే వాడాలి.

అయనీకృత హీలియం 5411 రేఖ లోపలి భాగంలో కనిపిస్తుంది. హీలియం రెండో ఎలక్ట్రాన్‌ను ఊడబెరకాలంటే 54.4 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 228 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే పొట్టి తరంగాలు కావాలి. ఏ2 నక్షత్రం కథ ఇక్కడితో ముగుస్తుంది. గయా వరస ఏం చెప్పినా, ఆ వాయువు పక్కన చాలా వేడి నక్షత్రం ఒకటి ఉండి తీరాలి. అసలు పద్ధతి ప్రకారం ఈ రేఖను మొదట చూసి, తర్వాత గయా తెరవాలి. ఆచరణలో ఎవరూ అలా చేయరు.

ఫ్రూ, పార్కర్, బోయిచిచ్ 2016లో ఇచ్చిన ఉపరితల ప్రకాశ సంబంధం ప్రకారం హెచ్-ఆల్ఫా ఉపరితల ప్రకాశపు లాగ్ = −3.63 × వ్యాసార్ధపు లాగ్ − 5.34. దీంతోనూ దూరం కట్టొచ్చు. వాలు నిటారుగా ఉంది కాబట్టి ప్రకాశంలో 0.1 డెక్స్ (పది ఆధారపు లాగ్‌లో 0.1) తప్పు వ్యాసార్ధంలో 6.5 శాతానికి మించదు. అంచును ఎక్కడ గీస్తున్నారన్నదే దీంట్లో పెద్ద తప్పు. ఒక్కో వస్తువుకు ఇది చెప్పే దూరం చాలా అటూ ఇటూ అవుతుంది. పారలాక్స్ మూడు నాలుగు రెట్లు తప్పిందా అని చూడటానికే వాడాలి. 20 శాతం తగాదాలు తీర్చడానికి కాదు.

ఇంకెక్కడ ఇలా జరుగుతుంది

ఇక్కడ పొరుగు నక్షత్రం జంట కావడం వల్ల దూరం నిలిచింది. షార్ప్‌లెస్ 2-71లో 68 రోజుల చక్రంలో మారే ప్రకాశవంతమైన నక్షత్రాన్ని చాలాకాలం నడిమి నక్షత్రం అనుకున్నారు. నీహారిక అసలు కేంద్రానికి ఇంకా దగ్గరగా ఒక మసక నీలి నక్షత్రం ఉందని 2007లో ఫ్రూ, పార్కర్ ఎత్తిచూపారు. అలాంటి చోట జంట అని చూపకుండా పొరుగు పారలాక్స్ అరువు తెచ్చుకుంటే దూరం కూడా పోతుంది. ఏబెల్ 35 ఇంకో తరహా. అక్కడ ప్రకాశవంతమైన నక్షత్రానికి వేడి శ్వేత కుబ్జం జంటగా ఉంది, రెండూ అసలైనవే. కానీ చుట్టూ ఉన్న వాయువు ఆ నక్షత్రం విసిరినది కాదని, దారిలో తగిలిన అంతర్నక్షత్ర వాయువునే అది వెలిగిస్తోందని వాదన బలంగా ఉంది. నక్షత్రం సరైనదైనా నీహారిక నకిలీ కావచ్చు. హాష్ హోదా కాలమ్ అందుకే.

నమోదు

చివరి పట్టికలో ‘నడిమి నక్షత్రం’ అని ఒకే కాలమ్ ఉంచకూడదు. రెండు కాలమ్‌లు కావాలి: దూరం ఇచ్చిన నక్షత్రం సోర్స్ ఐడీ, అయనీకరిస్తున్న నక్షత్రం గుర్తింపు. ఎన్‌జీసీ 3132కు ఈ రెండూ వేర్వేరు. చాలా నీహారికలకు ఒకటే, అప్పుడు ఒకే ఐడీ రెండుసార్లు వస్తుంది, పరవాలేదు. మూడో కాలమ్‌లో గుర్తింపుకు ఆధారం ఏమిటో ఒక్క మాటలో రాయాలి: రంగు, హబుల్ చిత్రం, హీలియం రేఖ, ప్రాపర్ మోషన్. నాలుగోది గయా విడుదల సంఖ్య. సోర్స్ ఐడీలు ఒక విడుదల నుంచి ఇంకో విడుదలకు మారొచ్చు కాబట్టి ఇది లేకపోతే తర్వాత ఎవరూ వరసను వెతికి పట్టుకోలేరు. 2026 డిసెంబరుకు ప్రకటించిన నాలుగో విడుదలలో ఒక్కో పరిశీలన విడివిడిగా అందుతుంది. అది రాగానే ముందు తెరవాల్సింది మసక నక్షత్రం వరస. పరామితుల కాలమ్‌లో ఎంతుందో, ప్రాపర్ మోషన్ ఎర్రర్ 0.57 కంటే కిందికి దిగిందో లేదో చూడాలి.